ఊలు సంచీ మేడమ్

ప్రేమ్ బజార్‌లో ఊలు అమ్మే బెంగాలీ ఆయన, మేమంతా దాదా అని పిలుస్తాం, మనిషి మంచివాడే, నోటికే తాళం లేదు. చలికాలం వస్తోంది కదా, ఊలు ధర ఎలా ఉందో చూద్దామని నిన్న పొద్దున్న ఆ కొట్టు దగ్గర ఆగాను. నన్ను చూడగానే సగం బెంగాలీ, సగం హిందీలో, "ఆ పిచ్చి దీదీ పోయిందట, విన్నారా?" అన్నాడు.

ఏ పిచ్చి దీదీ అని నేనడగలేదు. అడక్కుండానే తను చెప్పుకుపోయాడు. ఇన్నేళ్ళుగా తన దగ్గర ఊలు కొంటోందట. రంగుకో ఉండ చొప్పున పట్టుకెళ్ళేదే గాని, అదే రంగులో రెండో ఉండ ఏనాడూ అడగలేదట. "ఒక్క ఉండతో ఏం అల్లుతారు చెప్పండి? పసిపిల్ల మేజోడు కూడా రాదు. పైగా పక్కపక్కన పెడితే తేడా తెలియని రంగులే ఏరుకునేది. పిచ్చి కాకపోతే ఏమిటి?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూండగానే ఆ దీదీ ఎవరో తెలిసిపోయింది. పోయిన మనిషి కోసం ముందు బాధపడాలి. అబద్ధమెందుకు, నాకు ముందు భయమే వేసింది. మా ఇంటి సంగతి ఒకటి ఆవిడ దగ్గర ఉండిపోయింది. మా నాన్న కళ్ళ సంగతి, మా అబ్బాయి కళ్ళ సంగతి. ఎంత బతిమాలినా నాకు చెప్పకుండా, తనతోనే పట్టుకుపోయింది. సోమవారం మావాడికి రైల్వే మెడికల్. రాతపరీక్ష గట్టెక్కాడు. ఇంజిన్ ఎక్కాలంటే ఇక మిగిలింది కళ్ళే.

పూరీ గేట్‌లో, మా తెలుగు రైల్వే వాళ్ళ పేటలో, ఆవిణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఊలు మేడమ్ అనేవాళ్ళం. జన్యువుల మీద చదువుకున్న పెద్ద శాస్త్రవేత్త అనీ, పరాయి దేశాల వాళ్ళు ఈవిడ మాటలు వినడానికి పిలిపించుకుంటారనీ మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొదట్లో మా వీధి ఆడవాళ్ళు ఆవిడ సంచీ చూసి, స్వెటర్లు అల్లి అమ్ముకునే మనిషి అనుకున్నారు. మా పక్కింటావిడైతే తన మనవడి కొలతలు కూడా ఇచ్చేసింది. ఆవిడ ఆ కొలతలన్నీ శ్రద్ధగా విని, చివర్లో, "అదలాగుంచండి గాని అక్కా, మీ అయ్య ఎలాటోరు?" అని అడిగిందట.

అదీ ఆవిడ తీరు. మన వాళ్ళు ఏ పిల్లాణ్ణి చూసినా ఎవరి కొడుకువని అడుగుతారు. ఈవిడ మాత్రం ఎవరి కూతురి కొడుకువని అడిగేది. "ఈవిడికి తండ్రుల్తో పన్నేదు, అమ్మ కన్నోళ్ళతోనే పని" అని నవ్వుకునేవాళ్ళు. ఆవిడా నవ్వేది. "తాత దాసుకున్నది మనవడి కాడ బయటపడతాది" అనేది. ఆవిడ తండ్రి ఇక్కడే గార్డుగా చేశాడు. ఎంత చదివినా, ఎన్ని దేశాలు తిరిగినా మా దగ్గరికొస్తే మా మాటే మాట్లాడేది.

మధ్యాహ్నాలు ఆడవాళ్ళు బియ్యం ఏరుకునే వేళకి సైకిలు దిగేది. ఎవరి వరండాలోనో చతికిలబడి, చేట అడిగి పుచ్చుకుని, సంచీలో ఊలు ఉండలన్నీ అందులో గుమ్మరించేది. మగపిల్లల్ని ఒక్కొక్కణ్ణి పిలిచి, ఒక ఉండ చేతికిచ్చి, దీనికి జోడీ ఏవో తియ్యమనేది. పిల్లలకి ఆట. ఆవిడ మాత్రం వాళ్ళు తీసిన రంగులకేసి చూసేది కాదు, చేతికేసి చూసేది. "కన్ను తడబడినా పిల్లలు తెలివిగా కప్పేస్తారమ్మీ. సెయ్యి ఎక్కడ ఆగిందో సూడాల" అని ఒకసారి నాతో అంది. ఆ తర్వాత ఇంట్లో వాళ్ళందరి దగ్గరా చిన్న సీసాల్లో రక్తం తీసుకునేది. ఆ సీసాల పెట్టె సైకిలు వెనక కట్టుకుని, ఎండలో గొడుగు తనకి కాకుండా పెట్టెకి పట్టి నడిపించుకుపోయేది. రక్తంలోంచే సంగతి చెప్పే యంత్రాలు వచ్చాక కూడా ఊలు సంచీ వదల్లేదు.

తినడానికి ఏం పెట్టమన్నా ముడి అడిగేది. ఇక్కడ మరమరాల్ని అలాగే అంటాం. అందులో ఆవకాయ నూనె కలిపిస్తే ప్రాణం పెట్టేది. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఈవిడ మా వరండాలో ఉంటే, ఇద్దరూ ఒకే గిన్నెలో ముడి తింటూ చీకటి పడేదాకా కబుర్లాడేవారు. ఏం మాట్లాడుకునేవారో నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఆవిడ కనిపెట్టిందేమిటో మాకు అర్థమయ్యేలా చెప్పింది ఆవిడే. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని చూపు కొందరు మగవాళ్ళకి పుట్టుకతోనే ఉంటుంది. అది తండ్రి నుంచి కొడుక్కి రాదు. తండ్రి నుంచి కూతురికి వస్తుంది. ఆ కూతురికి రంగులన్నీ చక్కగా కనిపిస్తాయి, తనలో అదుందని తనకే తెలియదు. ఆమె కడుపున పుట్టిన మగపిల్లాడికి రావచ్చు, రాకపోవచ్చు, సగం సగం. "మీరు వర్క్‌షాపుకి కేరేజీ పట్టుకెళ్తారు సూడు, అలగన్నమాట. అందులో కూర మీరు తినరు. మోసుకెళ్ళి ఇస్తారంతే" అనేది. సికాకుళం, విజీనారం వైపు నుంచి రైలు పని కోసం వచ్చి తరాలుగా ఇక్కడే ఉండిపోయిన మా కుటుంబాల్లో, ఇల్లిల్లూ తిరిగి, తాతల నుంచి మనవళ్ళ దాకా ఆ దారిని పట్టుకున్న మొదటి మనిషి ఆవిడేనంటారు చదువుకున్నవాళ్ళు.

డ్రైవరు కొడుకు డ్రైవరే అవుతాడని నమ్మే ఊరు మాది. ఆ మాట కాదని తేలేసరికి అందరికీ గుబులు పుట్టింది. గుబులు పుట్టాక మనవాళ్ళు ఏం చేస్తారు? పెళ్ళిళ్ళ మీద పడ్డారు. పెళ్ళిచూపుల్లో పిల్లని పాట పాడమనడం మానేసి, పిల్ల తండ్రిని రంగులు చెప్పమనడం మొదలుపెట్టారు! ఒకరు నవ్వుతూ, "ఆ ఎర్ర తువ్వాలు అందించండి" అనేవారు. ఇంకొకరు దారపుండలు పట్టుకొచ్చేవారు. తండ్రి తడబడ్డాడా, కాఫీ కూడా తాగకుండా లేచిపోయేవారు. ఆ ఇంటి ఆడపిల్లలందరికీ సంబంధాలు నిలిచిపోయేవి.

ఇది తెలిసి ఆవిడ కాలు కాలిన పిల్లిలా ఇల్లిల్లూ తిరిగింది. ఇది రోగం కాదనీ, కన్ను పోయేది కాదనీ, ఉన్నవాడు హాయిగా నూరేళ్ళూ బతుకుతాడనీ చెప్పి చూసింది. ఎవరూ వినలేదు. మా వరండాలో కూచుని, ముడి గిన్నె ముట్టుకోకుండా, "ఇన్నాళ్ళూ నాను ఏదో మంచి కనిపెట్టినాననుకున్నాను. ఆడపిల్లల్ని కాదనడానికి ఆళ్ళకో వంక కనిపెట్టిచ్చినాను" అంది మా నాన్నతో. ఆ రోజు ఆవిడ మొహం చూసి నాకే జాలేసింది. నిజం కనిపెట్టినందుకు కుమిలిపోయే మనిషిని నేను మరొకర్ని చూడలేదు.

తర్వాత కొన్నాళ్ళకి నా పెళ్ళిచూపులు. అబ్బాయి అప్పుడే ఇంజిన్ మీద అసిస్టెంటుగా చేరాడు. మా వీధిలో అంతకంటే పెద్ద సంబంధం లేదు. మా నాన్న ఆవిణ్ణి కూడా రమ్మన్నాడు. ఎందుకు రమ్మన్నాడో అప్పుడు ఎవరికీ తెలీదు. ఆవిడ ఒక మూల కూచుని ముడి తింటోంది.

మాటలన్నీ అయ్యాక, ఇప్పుడు మా అత్తగారైన ఆవిడ, కొంగులోంచి గుప్పెడు మిరపకాయలు తీసి పళ్ళెంలో పోసింది. పచ్చివీ పండువీ కలిసి ఉన్నాయి. పళ్ళెం మా నాన్న ముందుకి తోసింది.

"సరదాకేనండి అన్నయ్యగారూ. పండువో పక్కనా, పచ్చివో పక్కనా ఎట్టండి, సూద్దాం."

మా నాన్న చెయ్యి పళ్ళెం దాకా వెళ్ళి ఆగింది. ఆ చెయ్యి నాకిప్పటికీ కనిపిస్తుంది. మా అమ్మ తలుపు వెనక నా జబ్బ పట్టుకుని గోళ్ళు దించేసింది.

అప్పుడు మూల నుంచి, నోట్లో ముడి నములుతూనే, ఊలు మేడమ్ అంది: "అక్కా, మీ అబ్బాయి కళ్ళు మీ అయ్య కాణ్ణుంచి గదా రావాల. మీ అయ్య సేత ఎప్పుడన్నా మిరపకాయలు ఏరించినారేటి?"

మా అత్తగారు తెల్లబోయింది. "మా అయ్య పోయి శానా కాలమయింది" అంది.

"మరైతే ఇది సగం పరీచ్చే గదా! సగం పరీచ్చకి నిండు పెళ్ళి ఆపుకుంటామేటి?" అంటూ లేచి, పళ్ళెం తీసుకెళ్ళి మా అమ్మ చేతిలో పెట్టింది. "బజ్జీలెయ్యమ్మా, సల్లారకుండా పట్రా."

అబ్బాయి ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఆ బజ్జీలు తిన్నాకే తాంబూలాలు పుచ్చుకున్నారు. ఇలా పెళ్ళయినదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నేనేమో.

కాని ఆ పళ్ళెం మీద ఆగిన చెయ్యి నన్ను వదల్లేదు. ఆగింది కోపంతోనా, కనబడకనా? మా నాన్న మామిడిపండు ఎప్పుడూ కంటితో చూసి కొనేవాడు కాదు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. మాకు గుడ్డలు తెస్తే తెలుపో, పసుపో, నీలమో తెచ్చేవాడు. ఇంకే రంగైనా మా అమ్మ వెంట ఉండాల్సిందే. ఇవన్నీ గుర్తులా, నా భయమే కల్పించుకుందా? నాన్నని అడిగే ధైర్యం లేకపోయింది. అమ్మా నాన్నా ఇద్దరూ పోయాక ఒకసారి మేడమ్‌నే అడిగేశాను.

"మీ అయ్య కళ్ళు మీ అయ్యవి" అంది.

"నాకు కొడుకున్నాడు మేడమ్."

"ఉన్నాడు. ఆడి కళ్ళు ఆడివి."

ఒళ్ళు మండింది. అక్కణ్ణుంచి ఆవిడ బజార్లో ఎదురైతే తల తిప్పుకుని పోయేదాన్ని. ఆవిడ మాత్రం సైకిలు ఆపి, మావాణ్ణి కాసేపు చూసేది. ఆ చూపు నాకు నచ్చేది కాదు.

మా ఆయన ఇంకో సంగతి చెప్పేవారు. ఆవిడ ఏ రైలెక్కినా, ముందు ఇంజిన్ దాకా నడుచుకుంటూ వచ్చి డ్రైవరు మొహం చూసి, "నమస్కారం బాబూ" అని వెనక్కి వెళ్ళేదట. మన ప్లాట్‌ఫారం పొడవు సంగతి తెలిసిందే కదా, ఆ చివర్నుంచి ఈ చివరికి నడిస్తే కాళ్ళు పీకుతాయి. డ్రైవర్లు నవ్వుకునేవారు. మా ఆయన నవ్వేవారు కాదు. "ఆవిడికి తెలిసినంత మనకి తెలిస్తే మనమూ ఇంజిన్ దాకా నడుస్తాం" అనేవారు.

మావాడు చిన్నప్పుడు చెట్టు బొమ్మ వేస్తే మాను ఆకుపచ్చగా, ఆకులు మట్టి రంగుగా ఉండేవి. చదవడం వచ్చాక మాత్రం తప్పు చెయ్యలేదు. రంగుపెన్సిల్ మీద పేరు చదివి వేసేవాడేమోనని నాకు అనుమానం. ఊహ తెలిసినప్పటి నుంచీ వాడికి ఇంజిన్ తప్ప మరో ఆశ లేదు. రాతపరీక్ష నెగ్గాడని తెలిసిన రోజు మా ఆయన స్వీట్లు పంచారు. నేనూ నవ్వుతూనే ఉన్నాను, పైకి.

మా అత్తగారు ఊరుకునే మనిషా? ఎవరి దగ్గరో వాకబు చేసి, రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం సంపాదించింది. మెడికల్‌లో అడిగేది అందులోదేనట. "పేజీ సూసి అంకె గురుతెట్టుకోరా నాన్నా. బట్టీ పట్టీసినోడికి బయమేటి?" అంది.

మావాడు పుస్తకం తీసుకోలేదు, వద్దనీ అనలేదు. మా ఆయన అన్నం తింటూ తలెత్తకుండా అన్నారు: "సిగ్నల్‌కి కింద ఎలిగితే ఎరుపు, పైన ఎలిగితే మరొకటి. ఎండలో అలా గురుతుపట్టీవొచ్చు. పొగమంచులో ఒక్క దీపమే కనబడతాదమ్మా. పైదో కిందదో ఆ దేవుడికే తెలియాల. ఎనకాల బోగీల్నిండా జనం." సగం అన్నం వదిలేసి, కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

ఇక తల తిప్పుకుంటే లాభం లేదని, మొన్న మావాణ్ణి వెంటబెట్టుకుని మేడమ్ ఇంటికి వెళ్ళాను. ప్రేమ్ బజార్ వెనక చిన్న ఇల్లు. ముసలిదైపోయింది. చేతులు వణుకుతున్నాయి. అదే సంచీ. మావాణ్ణి లోపలికి పిలిచి, నన్ను వరండాలో కూచోమంది. చుట్టుపక్కల గదుల్లో అద్దెకుండే కాలేజీ పిల్లలు సైకిళ్ళ మీద గోల చేసుకుంటూ పోతున్నారు. లోపల మాటలు వినిపిస్తాయేమోనని చెవులు రిక్కించాను. ఒక్క ముక్క వినిపిస్తే ఒట్టు. ఊలు ఏరడానికి ఇంతసేపా? ఇంకేదో మాట్లాడుతోంది వాడితో.

తలుపు తీశాక ఇద్దరి మొహాల్లోనూ ఏమీ దొరకలేదు నాకు.

"ఏటయింది మేడమ్?"

"ఆడి కళ్ళు. ఆడే సెప్తాడు."

"నాను కన్నాను కదండీ ఆణ్ణి!"

"కన్నావు. అందుకే నీకు సెప్పను. నీకు సెప్తే, నీ ముకం సూసి ఆడు ఏదో ఒకటి తేల్చీసుకుంటాడు. ఆడంతట ఆడు తేల్చుకోవాల."

గేటు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నాకూ బయంగానే ఉంది ఓలమ్మీ. నిజం సెప్పిన ప్రతి ఇంటి కాణ్ణుంచీ బయంతోనే వొచ్చినాను" అంది. నేను చెయ్యి విడిపించుకుని వచ్చేశాను. అదే ఆఖరుసారి చూడడం.

మావాడు ఇంటికొచ్చాక కూడా నోరు విప్పలేదు. అడిగితే, "సెప్తానమ్మా" అంటాడు. చెప్పడు.

ఇదీ సంగతి. నిన్న దాదా కొట్టు ముందు నిలబడి, ఆవిడ పోయిందని విని, నేనేం చేశానో తెలుసా? ఊలు కొన్నాను. ఆవిడ కొన్నట్టే, రంగుకో ఉండ. దాదా నాకేసి కూడా అదోలా చూశాడు.

ఇంటికొచ్చి సంచీ దింపగానే మా అత్తగారి కళ్ళు మెరిశాయి. చెప్పకుండానే కనిపెట్టేసింది. "మంచి పన్జేసినావు కోడలా. ఆడొచ్చేసరికి పరిసి ఉంచు. ఒక్క దెబ్బతో తేలిపోతాది" అంటూ చేట తెచ్చి, ఉండలన్నీ గుమ్మరించి, చేట నా ముందుకి తోసింది.

ఆ తోసిన తీరు చూసి వెనక్కి జరిగాను. అదే తీరు. అదే చెయ్యి. మిరపకాయల పళ్ళెం ముందు మా నాన్న కూచున్న చోట ఇప్పుడు నా కొడుకు కూచోబోతున్నాడు. పళ్ళెం పెడుతున్నది నేను! మేడమ్ నాకెందుకు చెప్పలేదో అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఉండలన్నీ ఎత్తి సంచీలో కుక్కుతూండగానే మావాడు గుమ్మంలోకి వచ్చాడు.

చేటనీ సంచీనీ మార్చి మార్చి చూశాడు. వాడికి అర్థమైపోయింది.

"ఊలు మేడమ్ పోయిందటరా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"తెలుసమ్మా. ఎల్లొచ్చినాను." నా పక్కన నేల మీద కూచున్నాడు. "తాత మామిడిపండు ముక్కు కాడ ఎట్టుకుని సూసేవోడంట కదా, మాగిందో నేదో" అన్నాడు.

ఆ మాట నేనెప్పుడూ వాడితో అనలేదు.

"ఎవులు సెప్పినారు నీకు?"

"ఆవిడే. తాత కుర్రతనంలో ఇంజిన్ ఎక్కుదామని ఎల్లి, కళ్ళ కాడ పోయి, ఫిట్టరయిపోయినాడంట. ఆవిడికి తప్ప ఎవులికీ సెప్పుకోనేదు. మనవడు పుడితే, ఆడికి కావాలొస్తే, ఆడికి మాత్రం సెప్పమన్నాడంట." వాడు చేటని దూరంగా నెట్టాడు. "అన్నీ అయినాక ఒక్కటే అడిగిందమ్మా. నువ్వు నడిపే బండిలో మీ అమ్మని ఎక్కిస్తావేటి, అని. నాను సెప్పలేకపోయినాను."

మా నాన్న, నా కొడుకు, ఒక్క మాటలో ఇద్దరూ తేలిపోయారు. ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ భయం దిగిపోయినందుకో, నిజమైపోయినందుకో నాకే తెలియదు.

మా అత్తగారు గోడకి చేరబడి అంతా వింది. "మరి సోమారం?" అంది చిన్నగా.

"ఎల్తాను నానమ్మా. కనబడింది సెప్తాను, కనబడంది నేదంటాను. నీ పుస్తకం వొద్దు. ఇంజినొక్కటేనేటి పని? విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఫ్యాక్టరీల్లేవేటి?" తేలిగ్గానే అందామనుకున్నాడు పాపం. చివరికొచ్చేసరికి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

వాడు సంచీలో చెయ్యి పెట్టి ఒక ఉండ తీశాడు. గుమ్మంలోంచి వచ్చే వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేం రంగమ్మా?" అన్నాడు.

బుద్ధెరిగాక వాడు నన్ను రంగు అడగడం అదే మొదలు.

"ఆకుపచ్చ నాన్నా" అన్నాను.

మా అత్తగారు మెల్లిగా జరిగి వచ్చి మా పక్కన కూచుంది. సంచీలోంచి ఇంకో ఉండ తీసి, వాడు అడక్కుండానే వాడి చేతిలో పెట్టింది.

"ఇది మట్టి రంగురా" అంది.